తడి తగలని ఈత బండి

మా రేవులపాడు మున్సిపాలిటీ గురించి బయట నానా మాటలూ అంటున్నారు. గోదావరి ఒడ్డునే ఉండి, నీళ్ళలో ఈదే యుద్ధపు బండికి గొడుగు పట్టించారట. వరదొస్తే జనాన్ని వదిలేసి ఆ బండిని పడవెక్కించారట. ఇవన్నీ నిజమే. కాని చెప్పేవాళ్ళు వరస తప్పించి చెబుతున్నారు. వరసలో వింటే ఇందులో తెలివితక్కువ పని ఒక్కటీ కనబడదు. ప్రతి పనికీ ముందు ఒక కారణం ఉంది, ఆ కారణం కింద ఒక సంతకం ఉంది. ఆ సంతకాల కోసం ఫైలు చంకలో పెట్టుకుని తిరిగిన సీనియర్ అసిస్టెంటు గంగాధరాన్ని నేనే కాబట్టి, నేను చెప్పడమే న్యాయం.

ఆ బండిని ఎప్పుడో మిలటరీ వాళ్ళు మా ఊరికి బహుమతిగా ఇచ్చారు. పెద్ద ఇనప పెట్టె, దానికి రెండు పక్కలా చక్రాలు, చక్రాల చుట్టూ ఇనప పలకల గొలుసు. నేల మీద ఆ గొలుసుల మీదే పాకుతుంది, నీళ్ళలో దిగితే అవే తెడ్లు. గాంధీ బొమ్మ సెంటర్లో పెడదామని తెప్పించారు గాని, దాని బరువుకి సెంటరు కుంగిపోతుందని ఇంజనీర్లు భయపడ్డారు. అందుకని రేవు దగ్గర పంపుహౌసు వెనక వదిలేశారు. కొన్నేళ్ళకి దాని మీద ఆనపపాదు అల్లుకుంది. కాయలు పంపు ఆపరేటరు కోసుకునేవాడు. ఆ రోజుల్లో అది మా ఊరికి చేసిన ఉపకారం అంతే.

అటువంటి సమయంలో మా బావ సుబేదారు దొరయ్య మిలటరీలో రిటైరై వచ్చాడు. బావంటే మా ఆవిడకి అన్నగారు. గోదావరి మధ్యనున్న పొట్లలంక వాళ్ళ ఊరు. బావ అణకువగల మనిషి కాడు. తను లేకపోతే దేశం సరిహద్దులు ఎటో కదిలిపోయేవని ఆయన నమ్మకం. పంపుహౌసు వెనక ఆనపపాదు కింద ఆ బండిని చూసి అక్కడే నిలబడిపోయాడు. సర్వీసు సగం అలాంటి దాంట్లోనే చేశాడట. పాదు తప్పించి, దాని ముక్కు మీద చెయ్యి వేసి, తప్పిపోయిన గేదె దొరికినవాడిలా నిమిరాడు.

"దీన్ని నేను లేపుతాను బావా," అన్నాడు నాతో. "వరదొస్తే పడవలు ఆపేస్తారు. ఇది ఆగదు."

ఆ మాట వెనక ఒక బాధ ఉంది. పొట్లలంకకి మామూలు రోజుల్లో రేవు పడవ ఉంటుంది. గోదావరి ఎర్రబడిందంటే పడవలు కట్టేయమని ఆర్డరొస్తుంది. ఇక లంకవాళ్ళకి జ్వరమొచ్చినా, పామే కరిచినా, నీళ్ళు తీసేదాకా దేవుడే దిక్కు. బావ కూతురు హేమ అలాంటి వరదలోనే వంటింటి అటక మీద పుట్టింది. బావ అప్పుడు ఎక్కడో మంచుకొండల్లో ఉన్నాడు. బావ భార్య మహాలక్ష్మక్క ఆ అటక మీద పడిన నరకం గురించి ఉత్తరంలో చదువుకుని ఏడిచాడట. ఆ హేమకి కొత్తగా పెళ్ళయింది, ఎప్పటికైనా పురిటికి పుట్టింటికే రావాలి. తన మనవలు అటక మీద పుట్టకూడదన్నది బావ పంతం.

మా కమిషనరు కల్యాణచక్రవర్తిగారు మంచివారు. లంచం ముట్టరు, టీ కూడా ఇంటినుంచి తెచ్చుకుంటారు. ఆయనకున్న అలవాటు ఒక్కటే, రాసి ఉన్నదాన్ని నమ్ముతారు. బావ అర్జీ మీద, "ప్రజోపయోగార్థమై, సంస్థకు వ్యయభారం కలుగని రీతిలో సదరు వాహనమును పునరుద్ధరించుటకు సూత్రప్రాయముగా అనుమతించడమైనది" అని రాసి ఇచ్చారు.

ఇక బావ ఇల్లూ వాకిలీ మరిచిపోయాడు. పొద్దున్నే మొదటి పడవకి రావడం, చీకటి పడకుండా ఆఖరి పడవకి పోవడం. ఇంజను బిగుసుకుపోయి ఉంటే దాని నోట్లో డీజిలూ నూనే పోసి నానబెట్టాడు. గొలుసు పలకల్ని ఒక్కొక్కటే విప్పి, తుప్పు గీకి, మళ్ళీ మేకులు దిగ్గొట్టాడు. లోపల పిచ్చిక గూడుంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ వైపు పని ఆపాడు. తలుపుల అంచులకి రబ్బరు లారీ ట్యూబుల నుంచి కోసి అతికాడు. అడుగున నీళ్ళు వదిలే కన్నాలకి బిరడాలు పోయాయి. రాజమండ్రి వెళ్ళి లేతు మీద కొత్తవి తిప్పించుకొచ్చాడు. దొరకని సామాను లంక పడవల పాత ఇంజన్ల నుంచి వచ్చింది. లంకవాళ్ళు చందాలకి బదులు తలో ఇనప ముక్కా మోసుకొచ్చేవారు. ఒకరోజు ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి, గుడగుడలాడింది. రేవులో బట్టలుతికేవాళ్ళు కూడా పని ఆపి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు పులకరించిందంటే అబద్ధం కాదు.

నీళ్ళలోకి దింపడానికి మంచిరోజు పెట్టుకున్నాం. బండి ముక్కుకి పసుపు రాశారు, గొలుసుల కింద నిమ్మకాయలు పెట్టారు. అవతల ఒడ్డున లంక లంకంతా నిలబడి చూస్తోంది. బావ పాత యూనిఫారం తొడుక్కుని, తల మాత్రం బయటికి కనబడేలా డ్రైవరు కంతలో కూర్చుని, ముందున్న రేకు పలకని లేపాడు. ఆ పలక అలలు పైకి రాకుండా కాస్తుంది. బండి పాక్కుంటూ మెట్ల పక్కనున్న ఏటవాలు మీద దిగింది. నీళ్ళకి ఇంకో జానెడుందనగా కమిషనరుగారి జీపు వచ్చి అడ్డంగా ఆగింది.

కమిషనరుగారు అప్పుడే రాజధానిలో వారసత్వ సంరక్షణ శిక్షణకి వెళ్ళి వచ్చారు. అక్కడ మ్యూజియం కత్తుల్నీ రాగి రేకుల్నీ ఎలా కాపాడాలో నేర్పి, ఒక పుస్తకం చేతికిచ్చారు. ఆ పుస్తకం ఆయన చేతిలో ఉంది.

"సుబేదారుగారూ, యాభై ఏళ్ళు దాటి, యథాపూర్వ స్థితికి తేబడిన లోహ వస్తువు వారసత్వ వస్తువు అవుతుంది. మీ బండి ఈ క్షణం నుంచి వారసత్వ వస్తువు. అభినందనలు," అన్నారు.

"సంతోషమండి. కాస్త జీపు తీయించండి," అన్నాడు బావ.

"వారసత్వ లోహ వస్తువుకి తడి తగలరాదు."

బావ గోదావరికేసి చూశాడు. బండికేసి చూశాడు. "దీన్ని చేసిందే నీళ్ళలోకండి."

"చేసినప్పటి ఉద్దేశం వేరు, భద్రపరిచేటప్పటి ఉద్దేశం వేరు. రాజుగారి కత్తిని మ్యూజియంలో పెట్టాక దాంతో ఎవరినైనా నరుకుతున్నామా?"

బావ, తను ఇంత బాగా చేయకుండా ఉంటే ఏమయ్యేదని అడిగాడు. బాగవకపోతే అది తుక్కు అని, తుక్కుకి తడి విషయంలో ఎటువంటి ఆంక్షలూ లేవని కమిషనరుగారు నిజాయితీగా చెప్పారు. అయితే నెల్లాళ్ళు టైమిస్తే మళ్ళీ తుప్పు పట్టించేస్తానన్నాడు బావ. పునరుద్ధరించినదాన్ని చెడగొట్టడం శిక్షార్హమని పుస్తకంలో పేజీ తీసి చూపించారు. బండి వెనక్కి తిరిగింది. అవతల ఒడ్డున జనం ఏం జరిగిందో తెలియక చాలాసేపు చేతులు ఊపుతూనే ఉన్నారు.

ఆ రోజు నుంచి బండి ఆలనాపాలనా మొదలైంది. దాని మీద రేకుల షెడ్డు వేయించారు. షెడ్డు కారుతుందని తేలాక, వానాకాలంలో కారే చోట గొడుగు పట్టుకుని నిలబడడానికి ఒక మనిషిని పెట్టారు. బండిని కడగకూడదు, పొడిగుడ్డతో తుడవాలి. చేతులకి చెమట పట్టేవాళ్ళు ముట్టుకోకూడదు. దసరాకి ఆయుధపూజ చేస్తుంటే కొబ్బరినీళ్ళు చిమ్ముతాయని ఇంకో చిక్కు వచ్చింది. లోపల నీళ్ళు ఇంకిపోయిన కురిడీకాయనే కొట్టాలని ఆర్డరు వేశారు. పూజారిగారు కాయని చెవి దగ్గర ఆడించి చూసుకుని, గుడగుడ లేదని చెప్పి, అప్పుడు కొట్టారు. తీర్థం జల్లకుండా వట్టి మంత్రాలే చదివారు.

తరవాత కమిషనరుగారి దృష్టి బండి లోపలికి మళ్ళింది. లోపల నీళ్ళు తోడే పంపు ఒకటి ఉంది. నీళ్ళు రాకూడని బండిలో నీళ్ళు తోడే పంపుండడం అనుమానాలకి తావిస్తుందని దాన్ని తీయించారు. లోపలి చెమ్మ పోవాలంటే గాలి ఆడాలి, గాలి ఆడాలంటే కన్నాలు కావాలి. వెతికితే అడుగున బావ బిరడాలు కొట్టిన కన్నాలు కనిపించాయి. బిరడాలు ఊడదీసి, సీలు వేసి, తన గది బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు.

"అవి లేకపోతే రాయిలా మునిగిపోద్దండి," అన్నాడు బావ.

"నీళ్ళలో దిగితే కదా మునగడం," అన్నారు కమిషనరుగారు. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి.

ఇలా ఉండగా పైనుంచి ఒక తాఖీదు వచ్చింది. ఉభయచర వాహనం అని రికార్డుల్లో ఉంది కనక, దాని ఈత సామర్థ్యం ఏడాదికోసారి ప్రదర్శించి ఫొటోలు పంపాలని. నేనైతే తల పట్టుకున్నాను. కమిషనరుగారు మాత్రం కంగారు పడలేదు. హైస్కూలు గ్రౌండులో దుంగలు పేర్పించి, వాటి మీద బండిని ఎక్కించి, గొలుసులు నేలకి తగలకుండా గాలిలో తిరిగే ఏర్పాటు చేశారు. దాని చుట్టూ టీచర్లు నీలంగుడ్డ పరిచి నాలుగు కొసలూ పట్టుకుని అలల్లా ఊపారు. బండి గర్జిస్తూ ఎక్కడిదక్కడే ఈదింది. డ్రైవరు కంతలో బావ ముఖం చూడలేక నేను గోదావరి వైపు తిరిగాను. గ్రౌండు గోడకి అవతలే ఉంది గోదావరి. ఫొటోలు బాగా వచ్చాయి, పైవాళ్ళు మెచ్చుకున్నారు.

హేమ పురిటికి పుట్టింటికి వచ్చింది. ముందే ఊళ్ళోకి మా ఇంటికి వచ్చేయమని మా ఆవిడ పోరింది. డాక్టరమ్మ చెప్పిన తారీఖుకి ఇంకా చాలా రోజులుందిగా, శ్రావణ శుక్రవారం వెళ్ళాక వస్తామన్నారు. గోదావరి ఆ తారీఖు చూసుకోలేదు. పైన ఎక్కడో కుండపోతగా కురిసింది. తెల్లారేసరికి రేవు మెట్లు కనపడలేదు. పడవలు కట్టేశారు. పొట్లలంకలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చి జనమంతా తుఫాను షెల్టరు ఎక్కారని కబురు. బావ మాత్రం ఇంజను తిప్పాలని ముందురోజే వచ్చి ఇవతల చిక్కుకుపోయాడు.

ఉదయమే కమిషనరుగారు అత్యవసర సమావేశం పెట్టారు. మా దగ్గరున్నవి రెండు మోటారు పడవలు, ఒక పంటు. పంటంటే రెండు పెద్ద పడవల్ని జతచేసి పైన బల్లలు పరిచింది, లారీని కూడా మోస్తుంది. బావ తిన్నగా విషయానికి వచ్చాడు. బిరడాలిస్తే ఇప్పుడే బండి దింపి లంకకి వెళ్తానన్నాడు. కూతురు నిండు మనిషి అని చెప్పాడు. చెబుతూ చేతులు జోడించాడు. ఆ మనిషి ఒకరి ముందు చేతులు జోడించడం నేను అదే మొదటిసారి చూడడం.

కమిషనరుగారు సానుభూతితో తలాడించి పుస్తకం తెరిచారు. "వరద సమయమున వారసత్వ వస్తువులను ప్రప్రథమముగా ముంపు రహిత భవనమునకు తరలించవలెను" అని చదివారు. షెడ్డు దాకా నీళ్ళొచ్చేశాయి కనక బండిని తక్షణం తరలించాలి. మరి ముంపు రహిత భవనం ఏది? లిస్టు తీశాం. ఊళ్ళో ఒక్క భవనానికీ ఆ సర్టిఫికెట్టు లేదు, మా ఆఫీసుకి కూడా లేదు. పరిసర ప్రాంతాలన్నిటిలో ఆ సర్టిఫికెట్టున్నది ఒకే ఒక్కటి, పొట్లలంక తుఫాను షెల్టరు.

అలా నీళ్ళలో ఈదడానికి పుట్టిన బండి పంటెక్కింది. బావే దాన్ని నడిపి ఎక్కించాడు. వస్తువు వెంట ఉండాల్సిన బాధ్యత నాది. అటొక మోటారు పడవ, ఇటొక మోటారు పడవ పంటుని లాగుతుండగా, బండి మీద టార్పాలిను కప్పి, ఎర్రటి గోదావరి మీద లంకకి బయలుదేరాం. షెల్టరు మేడ మీద జనం మమ్మల్ని చూసి తువ్వాళ్ళు ఊపారు. పంటు దగ్గరయ్యేకొద్దీ ఆ ముఖాల్లో సంతోషం చూసి నేను టార్పాలిను ముడులు సవరించుకుంటూ కూర్చున్నాను.

పశువులు ఎక్కడానికి కట్టిన ఏటవాలు దారికి పంటు ఆనించాం. బావ బండిని హాల్లోకి ఎక్కించాడు. గేదెలు, మంచాలు, ముసలివాళ్ళు, గిన్నెలు, అందరూ గోడకి జరిగి చోటిచ్చారు. మూలన చాప మీద హేమ పడుకుని ఉంది. మహాలక్ష్మక్క దాని నడుం నిమురుతోంది. నొప్పులు మొదలయ్యాయి. బావ బండిలోంచి దిగి కూతురి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

వస్తువున్న హాల్లో తడిబట్టలవాళ్ళు ఉండరాదని, వాళ్ళు డాబా మీద వేచి ఉండాలని నా దగ్గర ఆర్డరుంది. బయట వాన. ఆ కాగితం తీసి చదివాను. ఎవరూ కదల్లేదు. ఒక గేదె మాత్రం నావైపు చూసి తల విదిలించింది, నీళ్ళు కాగితం మీద పడ్డాయి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఫోను సిగ్నలు కోసం డాబా ఎక్కాను.

"సార్, ఇక్కడ ఒకమ్మాయికి పురిటి నొప్పులు వస్తున్నాయి. పంటు ఎలాగూ ఖాళీగా వెనక్కొస్తుంది. ఎక్కించమంటారా?" అని అడిగాను.

"పంటు అనుమతి వారసత్వ వస్తువు, దాని అనుబంధ సామగ్రి రవాణా నిమిత్తం మాత్రమే గంగాధరం. మనుషుల తరలింపు మన పరిధి కాదు. సంబంధిత శాఖకి వినతిపత్రం ఇమ్మను."

"రెండు పడవలూ ఉన్నాయి కదండి."

"అవి వస్తువుకి బందోబస్తు."

ఫోను పెట్టేయబోయాను. కింద హేమ అరుపు వినబడింది. ఇన్నేళ్ళ సర్వీసులో నాకు అబ్బిన విద్య ఒక్కటే, ఏ మాట చెబితే ఏ సంతకం పడుతుందో తెలుసు. ఆ విద్య మనుషుల కోసం ఎప్పుడూ వాడలేదు.

"సార్, ఇంకొక సంగతి. ఇక్కడ తడి ఘోరంగా ఉంది. గేదెలు ఒళ్ళు విదిలిస్తున్నాయి. గోడలు చెమ్మగిల్లాయి. బండి లోపల అద్దాలకి ఆవిరి పట్టేసింది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "ఆ మాట ముందు చెప్పవేమయ్యా! వెంటనే తరలించు."

"ఎక్కడికి సార్? మన ఊళ్ళో బొత్తిగా తడి లేని చోటంటే ఆసుపత్రిలో మందుల గిడ్డంగే. మెరకమీద ఉంది, కాలవ గట్టు దాకా పంటు వెళ్తుంది."

"పోనీ అక్కడికే. ఒక్క వస్తువు కదల్చొద్దు, ఒక్కటి దించొద్దు. బండి ఉన్నది ఉన్నట్టుగా, అనుబంధ సామగ్రితో సహా రావాలి. అర్థమైందా?"

నాకు బాగా అర్థమైంది. ఒక్క పరుగున కిందికి దిగాను.

"బావా, దీన్లో ఎంతమంది పడతారు?"

బావ నా ముఖం చూశాడు. ఆయనకి వివరించక్కర్లేకపోయింది, మిలటరీవాడు కదా. "ఆయుధాలతోనైతే పదిమంది బావా. మనవాళ్ళయితే ఎంతమందైనా," అని లేచాడు.

హేమని చాపతో సహా బండిలో పడుకోబెట్టాం. మహాలక్ష్మక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి ఎక్కారు. ముసలివాళ్ళనీ చంటిపిల్లలవాళ్ళనీ వాళ్ళ వెనకే సర్దాం. బండి పంటెక్కాక మగవాళ్ళు దాని చుట్టూ నిలబడి వీపులు ఆనించారు. ఎవరడిగినా వాళ్ళు బండి జారకుండా పెట్టిన ఆసరాలని చెప్పాలనుకున్నాను. మిగిలినవాళ్ళని తలా కాస్తా రెండు పడవల్లోకీ ఎక్కించాను. వాళ్ళు బందోబస్తు. గేదెల్ని మాత్రం ఏ పద్దులోకీ సర్దలేకపోయాను, అవి షెల్టర్లోనే ఉండిపోయాయి.

పంటు కదిలింది. బండిని తాళ్ళతో కట్టేసి ఉంది, ఇంజను ఆపేసి ఉంది. అయినా బావ డ్రైవరు కంతలో కూర్చుని రెండు చేతులా లివర్లు పట్టుకుని, గోదావరిని తనే దాటిస్తున్నట్టు ముందుకి చూస్తున్నాడు. నడిమధ్య సుడి తగిలి అల ఒకటి పంటు మీదికి లేచింది. బావ చటుక్కున రేకు పలక లేపాడు. అల పలకకి కొట్టుకుని రెండుగా చీలిపోయింది. మా ఊరొచ్చాక ఆ బండి చేసిన మొదటి నీటి పని అదే. సరిగ్గా అప్పుడే ఇనప పెట్టెలోంచి పసిపిల్ల ఏడుపు వినబడింది. చుట్టూ ఉన్న ఆసరాలన్నీ ఒక్కసారి కేక వేశాయి. బావ లివర్లు వదల్లేదు గాని, ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. నేనూ ఏడ్చాను, అందులో దాచేదేముంది.

కాలవ గట్టు దగ్గర కమిషనరుగారు గొడుగుతో, పొడిగుడ్డల మూటతో స్వయంగా నిలబడి ఉన్నారు. బండి చుట్టూ తిరిగి తుడిచారు. లోపలి చప్పుడు విని ఆగారు.

"ఏమిటా శబ్దం?"

"అనుబంధ సామగ్రి సార్," అన్నాను.

ఆయన చాలాసేపు నావైపు చూశారు. హేమని స్ట్రెచరు మీద దించుతుంటే తన గొడుగు ఆమెకి పట్టారు కూడా. ముందే చెప్పానుగా, మంచివారని.

కాని రాసి ఉన్నది రాసి ఉన్నదే. మర్నాడు ఆయన తనిఖీ చేస్తే చిక్కొకటి తేలింది. లంక నుంచి ఎక్కిన సామగ్రి అంతా ఎక్కడివాళ్ళక్కడ దిగిపోయారు, లెక్క సరిపోయింది. పసిపిల్ల మాత్రం ఎక్కకుండానే దిగింది. వస్తువు లోపల ఉత్పన్నమైనది కనక అది వస్తువులో భాగమా కాదా అని పైకి రాశారు. అంతవరకూ ముందు జాగ్రత్తగా ఒక ఆర్డరు వేశారు. "స్పష్టత వచ్చువరకు సదరు అంశమునకు నీరు తగలరాదు."

ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రికి నేనే వెళ్ళాలి కదా. మహాలక్ష్మక్క మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పక్కన వేణ్ణీళ్ళ బకెట్టు పెట్టుకుంది. ఆర్డరు చదివి వినిపించాను. అక్క అంతా విని, చెంబు ముంచింది.

"తమ్ముడూ, మీ సారు మంచోడే గాని పురుడోసిన చెయ్యి ఎరగడు. నువ్వా కాయితం అలాగే పట్టుకో, తడవకుండా," అని పిల్ల నెత్తిన పోసింది.

కాగితం తడవకుండా చూశాను. నా వంతు అమలు అంతే.

ఆ స్పష్టత ఇంకా రాలేదు. పిల్లకి గౌతమి అని పేరు పెట్టారు గాని లంకలో అందరూ సామగ్రి అనే పిలుస్తారు. ఇప్పుడు నాలుగో క్లాసు. బండికి కొత్త షెడ్డొచ్చింది. ఇప్పటికీ బావ ప్రతి ఆదివారం వచ్చి ఇంజను తిప్పి, గొలుసులకి గ్రీజు పెట్టి, పొడిగుడ్డతో తుడిచి వెళ్తాడు. బిరడాలు బీరువాలోనే ఉన్నాయి. కల్యాణచక్రవర్తిగారు ప్రమోషను మీద రాజధానికి వెళ్ళారు.

మొన్న వేసవిలో ఆయన మా వార్షిక ఈత ప్రదర్శనకి ముఖ్య అతిథిగా వచ్చారు. ఈసారి వేదిక రేవు మీదే, నీళ్ళకి ఎదురుగా. దుంగల మీద బండి, చుట్టూ నీలంగుడ్డ, ఊపే టీచర్లు. గౌతమి తాత పక్కన నిలబడి చూసి, "దీనికి ఈత రాదా తాతా?" అని అడిగింది.

"వచ్చు. పర్మిషను లేదంతే," అన్నాడు బావ.

పిల్ల ఒక క్షణం గుడ్డని చూసింది, ఒక క్షణం గోదావరిని చూసింది. చెప్పులు విడిచి, మెట్ల మీంచి ఒక్క దూకు దూకింది. మునిగి, అంత దూరాన తేలి, బారలు వేసుకుంటూ లంక వైపు సాగింది. టీచర్లు గుడ్డ ఊపడం ఆపేశారు. బండి గొలుసులు మాత్రం గాలిలో తిరుగుతూనే ఉన్నాయి.

కల్యాణచక్రవర్తిగారు కళ్ళజోడు సర్దుకుని నావైపు వంగారు. "గంగాధరం, ఆ అమ్మాయి మన అనుబంధ సామగ్రి కదూ? నీళ్ళలో ఉందేమిటి?"

"అప్పట్లో నీళ్ళకి జానెడు దూరంలో ఆగిపోయిన ఈత పరీక్ష సార్," అన్నాను. "తేలుతోంది."

బావ కళ్ళు తుడుచుకున్నాడు, పొడిగుడ్డతోనే.